ఎడమచేతి దెబ్బలు

డ్రమ్ముల కంపెనీ సింబళ్లు, అంటే కర్రతో మోగించే కంచు పళ్లేలు, చేయడం మానేసి ముప్పై ఏళ్లయింది. అప్పటి కంచు పళ్లెం దొరికినవాళ్లు అది ఏ ఏటిదో తెలుసుకోవడానికి ఇప్పటికీ అక్కడ పనిచేసిన ముసలి మేస్త్రీ గదికే వస్తారు. ఆయన ముద్ర చూడడు. కళ్లు మూసుకుని సుత్తి గుంటల మీద బొటనవేలు నడిపిస్తాడు. అది ఎవరి చేతి దెబ్బో తెలిస్తే ఏడాది దానంతటదే తెలుస్తుంది. భార్య పోయాక ఆ గదిలో మాటామంతీ అంటే ఆ కాసేపే.

నిన్న ఒక డ్రమ్మరు నల్లబడ్డ పళ్లెం తెచ్చాడు. "చూడండి తాతగారూ, గుంటలన్నీ వంకరటింకర. ఎవడో చేతకానివాడు కొట్టాడు. కాస్త సరిచేసిపెట్టరూ?" మేస్త్రీ వేలు సగంలో ఆగిపోయింది. "వాడు కాదయ్యా, మా ఆవిడ. ఎడమచేతి వాటం." తనిఖీలో పనికిరావని పక్కన పడేస్తారన్న భయంతో, కంపెనీలో ఆమె కొట్టిన ప్రతి పళ్లేన్నీ సాయంత్రం ఆయనే మళ్లీ కొట్టి చదును చేసేవాడు. "నా పని నన్ను చేసుకోనివ్వవు కదా మహానుభావా!" అని ఆమె దెప్పేది. ఆయన జ్వరంతో పడుకున్న వారంలో ఇదొక్కటి తప్పించుకుపోయినట్టుంది. "అయితే మీకు చెయ్యి తిరిగిన పనే," అంటూ ఆ కథ విన్న డ్రమ్మరు సుత్తి అందించాడు.

మేస్త్రీ సుత్తి పక్కన పెట్టి, పళ్లేన్ని తాడుకు వేలాడదీసి మెల్లగా వాయించాడు. మోత సాగి సాగి గది మూలల్లో అణిగింది. ఆమె చేతి మోత ఆయన వినడం అదే మొదలు.

"దీనికి సరిచేయాల్సిందేం లేదు బాబూ," అన్నాడు. "తీసుకెళ్లే ముందు ఇంకొక్కసారి వాయించు."