ఆగండాగండి బావగారు

మా బావగారికి టీవీ చూడడం రాదు. ఆపడం మాత్రమే వచ్చు.

ఇది కోపంతో అంటున్న మాట కాదు. కోపంతో అనే మాటలు ముందున్నాయి. మా అక్కయ్యను కట్టుకున్న ఈ పెద్దమనిషి చేతికి రిమోట్ అందిందంటే, ఎదురుగా కొంపలు మునిగే వార్త వస్తున్నా సరే, "ఆగండాగండి" అంటూ బొమ్మను నిలబెట్టేస్తారు. లేచి వెళ్ళి తెర మీద ఏదో ఒక మూల వేలు పెట్టి, "చూశారా?" అంటారు. మనం చూడం. వార్తలు చదివే అమ్మాయికి వాచీ ఇప్పుడు కుడిచేతికి ఉందనీ, విరామానికి ముందు ఎడమచేతికి ఉండేదనీ ఆయనే చెప్పాలి. ఎవరి కొంప మునిగిందో మాత్రం మాకు తెలియకుండానే పోతుంది.

వీధి వీధంతా ఆయన్ని "ఆగండాగండి" అనే పిలుస్తుంది. ఆయనకో కళ్ళద్దాల షాపుంది. బోర్డు మీద ఆయన అసలు పేరు కూడా ఉంది. కానీ ఆ పేరు చెప్పి అడిగితే పక్క షాపువాడు కూడా దారి చూపించలేడు.

ఇంట్లోనూ అదే వరస. ఒకసారి అక్కయ్య ఆయన్ని తిట్టడం మొదలుపెట్టి మంచి ఊపు మీదుండగా, "ఆగండాగండి" అన్నారు.

"ఏమిటి ఆగేది?"

"మొదట్లో గొడుగు బస్సులో పారేశానన్నావు. ఇప్పుడు షాపులో మరిచిపోయానంటున్నావు. కుదరడం లేదు."

"కుదరకపోతే?"

"ఏదో ఒకటి ఖాయం చేసుకుని మళ్ళీ మొదటినుంచి తిట్టు."

ఆ పూట ఆయనకు భోజనం లేదు. ఆ ఇంటి పై గదిలో ఉంటున్న నేరానికి నాకూ లేదు.

ఆయన ఎన్ని ఆపినా, ప్రాణమంతా ఒక్కదాని మీదే. "కుర్చీ ఖాళీ లేదు" అని ఒక పాత హాస్య ధారావాహిక. ఒక ఆఫీసు, అందులో ఏ పనీ చేయని ఒక మేనేజరు, ఆయన చుట్టూ తిరిగే గందరగోళం. మొదటిసారి వచ్చినప్పుడు దాని మొహం చూసినవాడు లేడు. చానెల్ వాళ్ళు మధ్యలోనే దాని గొంతు నొక్కి, ఆ సమయంలో దోమల మందు ప్రకటనలు వేసుకున్నారు. ఏళ్ళు గడిచాక, అప్పటికి పుట్టనైనా పుట్టనివాళ్ళు దాన్ని ఎక్కడినుంచో తవ్వి తీశారు. ఫోన్లలో పంచుకున్నారు, డైలాగులు కంఠతా పట్టారు, మేనేజరు మొహాన్ని చొక్కాల మీద అచ్చు వేయించుకుని ఊరేగారు. ఈ లోకానికి ఏదైనా నచ్చాలంటే అది ముందు చచ్చిపోవాలి కాబోలు.

బావగారు మాత్రం దాన్ని బతికుండగానే క్యాసెట్లలో ఎక్కించి దాచారు. ఇంటికొచ్చినవాళ్ళకు టీ కంటే ముందు అదే ఇస్తారు.

"ఆగండాగండి. మేనేజరు తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడా? టై మీద చారలు కుడివైపుకి దిగుతున్నాయి. లోపలికొచ్చాడా? ఎడమవైపుకి దిగుతున్నాయి."

"అయితే ఏమిటండీ?"

"బయట ఏం వెలగబెట్టి వచ్చాడని?"

వచ్చినవాళ్ళు నవ్వాలో లేవాలో తేల్చుకునేలోపు మళ్ళీ ఆపుతారు.

"ఆ కిటికీ చూశారా? బయట కొమ్మ మీద పిట్ట. రంగులతో గీసింది. మొదటినుంచీ ఒక్క ఈక కదల్చలేదు. ఆఫీసులో సగంమంది రిటైరయ్యారు, పిట్ట మాత్రం సర్వీసులోనే ఉంది. ఆగండాగండి, పైన గడియారం! మేనేజరు ఒక్క సంతకం పెట్టేలోపు అరగంట వెనక్కి నడిచింది."

ఇక నా సంగతి. ఆ గడియారం కింద, ఆ కిటికీకి ఇటుపక్క, ఒక బల్ల ఉంటుంది. బల్ల దగ్గర ఒక గుమాస్తా ఉంటాడు. ఆ గుమాస్తాను నేనే.

నాకు మాట ఒక్కటి లేదు. దర్శకుడు నాకు చెప్పిందల్లా, "నువ్వక్కడ కూర్చో, కదలకు" అని. కదలకుండా కూర్చోవడానికి మనిషెందుకు, బస్తా చాలదా? నాకు రోషం వచ్చింది. నాకు నేనే ఒక కథ అల్లుకున్నాను. ఆ గుమాస్తా ఏదో రాయాలి. రాయడానికి పెన్సిలు చెక్కుతాడు. ముల్లు విరుగుతుంది, మళ్ళీ చెక్కుతాడు. ముందు మేనేజరు గంతులేస్తుంటే వెనక నేను షార్పెనర్ తిప్పుతూనే ఉంటాను. భాగం భాగానికీ పెన్సిలు పొట్టిదైపోతుంది. ఆఖరికి ముల్లు చక్కగా కుదిరి, కాగితం ముందుకు లాక్కునేసరికి వేళ్ళ మధ్య పెన్సిలే ఉండదు. ఒక ఉద్యోగి బతుకంతా అందులో పెట్టాననుకున్నాను. దాన్ని చూసి ఒక్కరు, ఒకే ఒక్కరు నవ్వితే నా జన్మకు చాలనుకున్నాను. ఎవరూ చూడలేదు. షో చివర పడే పేర్లలో టీలు అందించినాయన పేరుంది, నాది లేదు.

షో ఆగిపోయిన రోజున ఇంట్లో చెప్పేశాను. "నేనందులో ఉన్నానని ఎవరితోనూ అనొద్దు. అన్నారంటే పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాను." అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. బావగారు "సరే" అన్నారు. అంటే అన్నారు గానీ, మరీ అంత నిజంగానా! ఇన్నేళ్ళుగా పిట్ట మీద వేలు పెట్టారు, టై మీద పెట్టారు, గడియారం మీద పెట్టారు. గడియారం మీదినుంచి ఆ వేలు జానెడు కిందికి దిగితే నేను. దిగలేదు. వద్దన్నది నేనే, కాదనను. కానీ వద్దన్నవాణ్ణి నాలుగుసార్లు బతిమాలి ఒప్పించాలని బంధువులకు తెలియదా?

ఇది చాలదన్నట్టు వీధిలో ఇంకో వేడుక. కొన్నాళ్ళుగా నన్ను చూస్తే జనం నవ్వుతున్నారు. మందుల షాపాయన నన్ను చూడగానే చెయ్యెత్తి, రెండు వేళ్ళు కలిపి గాలిలో తిప్పుతాడు. బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ కూడా అంతే. ఆ సైగకు అర్థం నాకు తెలియనిది కాదు. వీడికి ఒక మర వదులని. ఏ పాత్రా రాని నటుడు కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటే జనం అంతకంటే ఏమనుకుంటారు? నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

అలా ఉండగా చానెల్ వాళ్ళకు హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకప్పుడు గొంతు నొక్కినవాళ్ళే ఆ షోకి సంబరం చేస్తామని బస్టాండులో పెద్ద పోస్టరు వేశారు. ఆఫీసు ఆఫీసంతా ఉంది: మేనేజరు, టైపిస్టు, ప్యూను, చివరికి ఆ పిట్ట కూడా. నేను ఉండాల్సిన చోట కాగితం అయిపోయింది. అంచున నా మోచెయ్యి మాత్రం మిగిలింది.

బావగారు పక్కనే ఉన్నారు. "ఆగండాగండి" అని దగ్గరికి వెళ్ళి, ఆ మోచేతిని పరకాయించి చూశారు. "బాగా వచ్చిందోయ్. చొక్కా మడత కూడా తెలుస్తోంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు పిట్ట కనిపిస్తుంది, టై కనిపిస్తుంది, చొక్కా మడత కనిపిస్తుంది. మనిషి మాత్రం కనిపించడు! మీరు జనానికి కళ్ళద్దాలు అమ్మడమేమిటి బావగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఆయన చేసే పని అదొక్కటే. ఆ రోజునుంచి నేను ఆయనతో మాటలు మానేశాను. ఏదైనా కావాలంటే ఎదురుగా ఆయన్ని పెట్టుకుని, "అక్కయ్యా, ఆయన్ని ఆ నీళ్ళ చెంబు ఇటు జరపమను" అనేవాణ్ణి.

ఆ తర్వాత కొద్దిరోజులకే మోకాళ్ళ నొప్పుల మందు ప్రకటనకు పిలిచారు. మాటలున్న వేషం! కెమెరా పక్కన ఒక అట్ట మీద ఆ మాటలు రాసి పట్టుకున్నారు. నాకు అట్ట కనిపించింది. అక్షరాలు చీమల బారులా కనిపించాయి. కళ్ళు చికిలించాను, మెడ సాచాను, ఒక అడుగు ముందుకేశాను. ప్రకటన తీసేవాడు, "సార్, మోకాళ్ళ నొప్పి చూపించమంటే మెడనొప్పి చూపిస్తున్నారేంటి? తర్వాత కబురు చేస్తాంలెండి" అన్నాడు. మా వృత్తిలో ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు.

ఇంటికొచ్చి అక్కయ్యతో చెప్పేశాను. "ఇక చాలే. ఈ నటనా వద్దు, ఏమీ వద్దు. ఒక్క మనిషికి కూడా కనిపించని పని ఎందుకు చెయ్యాలి?"

"ముందు నీకు కనిపించే ఏర్పాటు చూసుకో. షాపుకెళ్ళు."

"వేరే షాపుకెళ్తా."

"వెళ్ళు. సొంత బావమరిదే వేరే షాపుకెళ్ళాడని వీధంతా చెప్పుకుంటుంది. ఆయన పరువు తీసిరా."

వెళ్ళక తప్పలేదు. బావగారి షాపులో ముందువైపు అద్దాల అరల నిండా ఫ్రేములు. వాటి వెనక ఒక ఆకుపచ్చ తెర, తెర వెనక కళ్ళు పరీక్ష చేసే గది. ఆ గదిలో నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. ఎందుకంటే అక్షరాల పట్టిక ఉండాల్సిన గోడకు ఆయన పాత టీవీ ఒకటి బిగించి, దాంట్లో ఈ షోనే ఆపి పెడతారని విన్నాను. "బతుకులో ఎవరైనా గోడ మీద అక్షరాలు విడివిడిగా చదువుకుంటూ తిరుగుతారా? కళ్ళున్నది మనుషుల్ని చూడడానికి" అని ఆయన వాదన. లోపల పిట్టనూ టైనూ చూపించి జనాన్ని విసిగిస్తారని నాకు తెలియదా?

ఆ రోజు లోపల ఒక బామ్మగారున్నారు. నేను తెర ఇవతల నిలబడ్డాను.

"గడియారం ఎంతయింది బామ్మగారూ?"

"పదీ పది."

"భేష్. కిటికీలో?"

"పిట్ట."

"బాగుంది. ఆగండాగండి, అయిపోలేదు. గడియారం కింద, బల్ల దగ్గర ఏముంది?"

"ఏముంటుంది నాయనా, గోడ."

టక్కున అద్దం మార్చిన చప్పుడు.

"ఇప్పుడు?"

"గోడకి మరక."

నా జీవితచరిత్ర ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు. మళ్ళీ టక్కుమంది.

"ఇప్పుడు?"

"అయ్యో, మరక కాదు, మనిషి! ఏదో తిప్పుతున్నాడు."

టక్.

"ఇప్పుడు చూడండి."

నేను తెర అంచు గట్టిగా పట్టుకున్నాను.

"పెన్సిలు చెక్కుతున్నాడు" అంది బామ్మగారు. "పెన్సిలేదీ, గోరంత లేదు కదా! అయినా చెక్కుతున్నాడే! ఆ మొహం చూడు, లోకమంతా ఆ పెన్సిలు మీదే ఆధారపడినట్టు... ఓరి నీ ఇల్లు బంగారంగానూ!"

నవ్వింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వింది. ఆ నవ్వు కోసం కాచుకుని కాచుకుని నేను ముసలివాణ్ణయ్యాను. తెర ఇవతల, సిగ్గెందుకు, నా కళ్ళు తడిశాయి.

"సరిపోయింది బామ్మగారూ" అన్నారు బావగారు. "అదే మీ నంబరు."

తెర తోసుకుని లోపలికి వెళ్ళాను. ముక్కు మీద పరీక్ష ఫ్రేముతో బామ్మగారు ఇటు తిరిగింది. నన్ను చూసి నోరు తెరిచి, "ఇదిగో, ఈయనే!" అంటూ రెండు వేళ్ళు కలిపి గాలిలో తిప్పింది.

మందుల షాపాయన తిప్పినట్టే. ఇస్త్రీ ఆవిడ తిప్పినట్టే. మర కాదు, అది షార్పెనర్.

"ఎంతమందికి చూపించారు?" అన్నాను. మాటలు మానేసిన సంగతి గుర్తులేదు.

"ఇక్కడ కళ్ళజోడు తీసుకున్నవాళ్ళందరికీ" అన్నారు బావగారు, తప్పు చేసినవాడిలా. "పిట్టా గడియారం ఏ అద్దంతోనైనా కనిపిస్తాయోయ్. నువ్వు కనిపిస్తేనే నంబరు కుదిరినట్టు."

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదా!"

"నేను చెప్పలేదే. వాళ్ళకే కనిపించావు."

అంటూనే నన్ను కుర్చీలో కుదేసి, ఇంకో ఫ్రేము ముక్కు మీద పెట్టారు. బామ్మగారు ఇంటికి వెళ్ళే ఉద్దేశం మానుకుని పక్క బల్ల మీద సర్దుకుంది. బావగారు టీవీని తర్వాతి భాగానికి జరిపి ఆపారు. మొదట నాకూ గోడే కనిపించింది. తర్వాత మరక. టక్. తర్వాత తల నిండా జుట్టున్న ఒక కుర్రాడు, పళ్ళు బిగబట్టి దేన్నో తిప్పుతున్నాడు. ఫరవాలేదు, బాగానే చేశాడు అనుకున్నాను. అంతలో వాడి చేతి మీద నా చూపు ఆగింది.

"ఆగండాగండి!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. లేచి వెళ్ళి టీవీ తెర మీద వేలు పెట్టాను. "బామ్మగారికి చూపించిన భాగంలో పెన్సిలు గోరంత ఉంది. ఇది దాని తర్వాతిది. ఇందులో జానెడుంది!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు షూటింగులో నా పెన్సిలు ముక్క ఎక్కడో పడిపోయింది. ఎవరు చూడొచ్చారులే అని కొత్తది అందుకుని కూర్చున్నాను. కథ అల్లిందీ నేనే, చెడగొట్టిందీ నేనే.

బావగారి వైపు తిరిగాను. టై చారలు పట్టుకున్న మనిషి. సంతకం పెట్టేలోపు వెనక్కి నడిచిన గడియారాన్ని పట్టుకున్న మనిషి. ఇన్నేళ్ళలో ఇంటికొచ్చినవాళ్ళలో ఎవరికీ ఈ ఒక్కటి చూపించలేదు.

"మీరిది చూశారు కదూ?" అన్నాను.

ఆయన మెల్లగా కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

"ఏ పెన్సిలు?" అన్నారు. "నాకేం తేడా కనిపించలేదే."

"నాకు కనిపిస్తోంది నాయనా," అంది బామ్మగారు పక్కనుంచి, "బారెడుంది!"

బావగారు గబగబా ఆమె దగ్గరికి వెళ్ళి, ముక్కు మీది ఫ్రేము తీసేశారు.

"ఆగండాగండి బామ్మగారూ. మీకు నంబరు మరీ ఎక్కువైంది."