నీలి మంటకు కాపలా

పోయిన నెల మా పెద్దబాపు, మా నాన్న అన్నయ్య, చనిపోయాడు. ఛత్రినాకలో ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆయన నడిపే గ్యాస్ బాయిలర్ పేలింది. మధ్యాహ్నానికి ఆయన లేడు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని బస్తీ పెద్దలు అడిగారు. రాస్తాను. ఆయనను చంపిన మనిషి సంగతి వదిలేసి రాయడం మాత్రం నాకు చేతకాదు.

మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేను. సైకిల్ మీద దింపింది పెద్దబాపు. ఆదివారాలు ఆయనకు అన్నం డబ్బా తీసుకుపోయేదాన్ని. అలా ఆయన పని చూశాను. ముందు గాజు గొట్టంలో నీళ్ల మట్టం చూసేవాడు. అడుగు కుళాయి తిప్పి మడ్డినీళ్లు వదిలేవాడు. సేఫ్టీ వాల్వ్ పిడి ఎత్తి, ఆవిరి బుస్సుమన్నాక దింపేవాడు. తర్వాత సబ్బు నురగ కలిపి, గ్యాస్ పైపుల అతుకులన్నిటికీ కుంచెతో పూసి, బుడగ లేస్తుందేమోనని వంగి చూసేవాడు.

"వాసన వస్తలేదు గద పెద్దబాపూ, మల్ల నురగ ఎందుకు?"

"ముక్కు అలవాటు పడ్తది బిడ్డా. నురగ పడదు."

చివరికి నన్ను ఎత్తుకుని చిన్న అద్దంలోంచి మంట చూపేవాడు. "నీలంగ ఉన్నదా? మంచిగున్నట్టు. పసుపైతే గాలి అందుతలేదన్నట్టు."

ఇంట్లో పాలు పొంగినా లేవని మనిషి అని పెద్దమ్మ దెప్పేది. "నీ పాలు పొంగితే పిల్లి తాగుతది. బాయిలర్ పొంగితే నేనుండ," అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

తనిఖీ అయ్యాక రిజిస్టర్లో ఆ రోజు గడిలో వేలిముద్ర వెయ్యాలి. లాండ్రీ సేటు ఆయనను పేరుతో పిలవలేదు. "ఓ అంగూఠా ఛాప్, ఇటు రా," అనేవాడు, వేలిముద్రగాడా అని. పదో తరగతిలో ఉండగా నేను ఆయనకు సంతకం నేర్పాను. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాసి రాసి సాధన చేశాడు. రిజిస్టర్లో మొదటి సంతకం పెట్టిన రోజు ఇంటికి మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఆ తర్వాత ఏడేళ్లు ఆ రిజిస్టర్లో వేలు పెట్టలేదు. రేషన్ దుకాణంలో మిషన్ వేలు అడిగినా ముఖం మాడ్చుకునేవాడు.

మంట ఆరిపోతే గ్యాస్‌ను ఆపే చిన్న పరికరం ఒకటుంటుంది. పనివాళ్లు దాన్ని కన్ను అంటారు. పోయిన నెల అది పాడై బాయిలర్ మాటిమాటికీ ఆగిపోతుంటే, బాగు చేయించడానికి బదులు సేటు ఒక తీగ కలిపించి కన్నుతో పని లేకుండా నడిపించాడు.

"గుడ్డిదాన్ని జేసిండ్రు బిడ్డా," అన్నాడు పెద్దబాపు, అన్నం ముందు కూర్చుని. "నేనైతే సంతకం పెట్టలే."

"మరి పోకు రేపటి సంది."

"నేను పోకపోతె ఇంకెవడో తెలువనోడు నిలబడ్తడు."

మూడో రోజు ఉదయం మంట ఆరింది. గ్యాస్ ఆగలేదు.

మేం ఆస్పత్రికి చేరేసరికి మంచం పక్కన సేటు ఒక్కడే ఉన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

పెద్దబాపు పోయిన మూడో నాడు సేటు ఇంటికి వచ్చి రిజిస్టర్ తెరిచాడు. "చూడమ్మా, అన్న ఆఖరి మూడు దినాలు అంతా ఠీక్ అని వేలిముద్ర వేసిండు. తప్పు ఆయనదే. అయినా నేను ఒక్క మాట అన."

కొత్త పేజీలో మూడు గళ్లలో మూడు నీలి వేలిముద్రలు. వెనక్కి తిప్పాను. పేజీ తర్వాత పేజీ, వంకరటింకర సంతకాలు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకు ఆఖరి నీళ్లు పోసేటప్పుడు వేలికి సిరా ఉండె. రుద్దినా పోలే. దవాఖానోళ్లు పెట్టిండ్రనుకున్న."

సేటు ముఖం చూశాను. ఏడేళ్లలో ఒక్కసారైనా ఆ రిజిస్టర్ తిరగేసి ఉంటే తన మనిషి సంతకం పెడతాడని తెలిసేది. ఒక్కసారీ తిరగెయ్యలేదు. ప్రాణం పోతున్న మనిషి బొటనవేలు పట్టుకుని అద్దుకున్నాడు. సేటు ఎదురుగానే ఫోన్‌లో పేజీలన్నీ ఫొటో తీశాను. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు, పోలీసులకు నా చేత్తోనే అర్జీలు రాశాను. వారం తిరక్కుండా లాండ్రీకి సీలు పడింది.

సేటు మళ్లీ వచ్చాడు, ఈసారి చెప్పులు బయట విడిచి. "చదువుకున్న పిల్లవు. ఇరవై మంది పని పోయింది. వాళ్ల ఉసురు నీకు తగలదా?"

"బాయిలర్‌ను గుడ్డిదాన్ని జేసిన రోజు ఆ ఇరవై మంది ఆడనే ఉన్నరు గద సేట్."

పోయిన మనిషి తిరిగి రాడు, వదిలెయ్యమని బస్తీలో చెబుతున్నారు. వదలను. తప్పు ఎవరిదో కాగితం మీద పడేదాకా ప్రతి వాయిదాకూ వెళతాను. సేటు చేతులకు బేడీలు చూడాలని ఉంది. ఈ కోరికకు నేను సిగ్గుపడటం లేదు.

మా డాబా మీదికెక్కితే లాండ్రీ పొగగొట్టం కనబడుతుంది. ఇన్నేళ్లూ ఆ వేడికి దాని మీద పిట్ట వాలలేదు. ఇప్పుడు దాని అంచు చుట్టూ పావురాలు వరుసగా కూర్చుని, తీరిగ్గా రెక్కలు దువ్వుకుంటున్నాయి.