కొండ పలికిన పేరు

కోడూరులో మా పక్కింటి పిన్నిగారు గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా పిలిచినా గుమ్మం దాకా వచ్చి, అప్పుడు మెల్లగా "ఏమ్మా" అనేవారు.

రెండేళ్ళ క్రితం మా వీధి ఆడవాళ్ళందరం బస్సు మాట్లాడుకుని అరకు వెళ్ళాం. ఘాట్ రోడ్డు మలుపులో దిగితే ఎదురుగా లోయ, అవతల నిటారుగా కొండ. అరిస్తే కొండ తిరిగి పలుకుతుందని డ్రైవరు చెప్పాడు. మా చదును నేల మీద అలాంటిది ఎరగం కదా, ఎవరి పేరు వాళ్ళం అరిచి నవ్వుకున్నాం. ఆఖరున పిన్నిగారు ముందుకొచ్చి, గొంతెత్తి ఏదో పేరు పిలిచారు. ఆ పేరు గలవాళ్ళు వాళ్ళింట్లో ఎవరూ లేరు. కొండ పలికింది. ఆవిడ మళ్ళీ పిలిచారు.

బస్సెక్కాక ఉండబట్టలేక అడిగాను. "ఎవరండీ పిన్నిగారూ, ఆవిడ?"

"నేనేనమ్మా. మా అత్తగారిదీ అదే పేరని పెళ్ళప్పుడు మార్చేశారు. మా అమ్మ ఒక్కతే పాత పేరుతో పిలిచేది. ఆవిడా పోయింది."

మర్నాడు జలపాతానికి దిగే మెట్ల మీద ఆవిడ నా ముందు నడుస్తున్నారు. తిడితే తిట్టారులెమ్మని ఆ పేరు పెట్టి పిలిచాను.

"ఆఁ, వస్తున్నానే!" అంటూ చటుక్కున వెనక్కి తిరిగారు. నన్ను చూసి, ఒక్క క్షణం నేనెవరో పోల్చుకోలేకపోయారు.