ఇసుక తట్టలో చదువు

వేలూరులో మా అద్దె ఇంటి కిటికీలో అరచేతి వెడల్పు గోడ పెచ్చు ఒకటి ఉంటుంది. ఈ మధ్య ఒక పొద్దున మా అమ్మాయి పుదీన తొట్టికి నీళ్ళు పోయబోయి సగం దానిమీదే ఒలకబోసింది. తడిసిన ఏటి ఇసుక వాసన గదంతా కమ్ముకుంది. మా ఊరు గుడియాత్తంలో మా నాయన కట్టిన ఇల్లొకటి పడగొడుతుంటే నేను అడిగి మరీ తెచ్చుకున్న పెచ్చు అది.

ఆ పొద్దున నాకు మనసేమీ బాగాలేదు. బడిలో నోరు విప్పని మా పిల్లను మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. ఇలాంటి తల్లులం కొందరం ఫోనులో ఒక గుంపుగా చేరి లెక్కల కాగితాలు, బొమ్మల పాఠాలు, వాటికంటే ఎక్కువగా ధైర్యం ఒకరికొకరం పంచుకుంటుంటాం. అయినా ముందురోజు మా ఆయన అక్క ఫోన్ చేసి, "చదివిస్తా ఉండావు సరే, మార్కుల కాగితం యాడుండాది, చూపించు" అంది. మళ్ళీ బడిలో వేసేద్దామా అని రాత్రంతా కొట్టుకులాడాను.

నేను రెండో తరగతిలో ఉండగా కీళ్ళ జ్వరం వచ్చింది. ఏడాది పాటు మంచం దిగనివ్వొద్దన్నాడు డాక్టరు. వేళ్ళు ఉబ్బి బలపం కూడా పట్టుకోలేకపోయేదాన్ని. మా వీధిలో బడి మానేసిన ఆడపిల్ల మళ్ళీ బడి గడప తొక్కడం ఎవరూ చూడలేదు; చాప మీద కూర్చుని కూలికి అగ్గిపెట్టెల అట్టలకు బంక రాసి అంటించడమే. బడి మొహమే చూడని మా అమ్మ కూర్చున్నదీ ఆ చాప మీదే. తన పక్కన నాకూ చాప పడుతుందేమోనని ఆమెకు నా జ్వరం కంటే పెద్ద బెంగ.

నాయన తాపీ మేస్త్రీ. సాయంత్రం పని దిగేటప్పుడు పూతకు జల్లించిన మెత్తటి పాలారు ఏటి ఇసుక ఒక తట్టెడు ఇంటికి తెచ్చేవాడు. ఎండకు కాగిన ఆ ఇసుకలో వేళ్ళు దూర్చుకుంటే నొప్పి కాస్త తగ్గేది, హాయిగా కళ్ళు మూతలు పడేవి. ఆ తర్వాత నాయన కాసిని నీళ్ళు చిలకరించి, తాపీతో నున్నగా సర్ది, మా బడిలో చెప్పే తమిళంలో తనకు వచ్చిన నాలుగు అక్షరాలు చూపుడు వేలితో రాసి, నా వేలు పట్టి దిద్దించేవాడు. తెల్లారి మాత్రం తట్ట నెత్తికెత్తుకుని పనికి పోయేవాడు. ఇల్లు కట్టించుకునేవాళ్ళ ఇసుక గుప్పెడు కూడా మనింట్లో ఉండకూడదని ఆయన పట్టుదల. అట్లా నా చదువంతా ఏ రోజుకారోజు సిమెంటులో కలిసి ఎవరి గోడకో అంటుకునేది.

అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమె అగ్గిపెట్టెల అట్టలు ఒళ్ళో వేసుకుని బడి గోడ నీడన, మా తరగతి కిటికీ కింద కూర్చుని, పిల్లలు పాడే ఎక్కాలూ పాటలూ విని, రాగిసంగటి గెలుకుతూ వాటిని అదే రాగంలో నాకు అప్పజెప్పేది. మధ్యలో మరిచిపోతే తనమీద తనే విసుక్కునేది. గంగమ్మ జాతర వచ్చి, వీధి వీధికీ అంబలి కుండలు వెలిసి, డప్పుల మోతకు నా మంచం అదిరిన రోజు కూడా మా ఇంట్లో ఎక్కాలు ఆగలేదు.

వానలు మొదలయ్యాక అమ్మకు బడి గోడ కింద చోటు లేకపోయింది, నాకు జ్వరం తిరగబెట్టింది. "నేనే అక్షరం రాందాన్ని, ఇంగ దీనికేం చెప్పేది?" అని అమ్మ ఏడ్చింది. నాయన దగ్గర సిమెంటు మోసే మంగమ్మత్త తెలుగు సీమ పొలిమేరలోని పరదరామి నుంచి వచ్చేది, తెలుగు రాయడం వచ్చు. అంతకు ముందు నుంచీ ఆమె తట్టలో నా రాతలు చూస్తూనే ఉందట. ఆ సాయంత్రం తనే తట్ట మోసుకుని మా ఇంటికి వచ్చింది. అందులో తెలుగులో 'అమ్మ' అని రాసి ఉంది. "చదివేది మనబిడ్డ గదా వదినా, నువ్వు ఊరికే పక్కన కూచో, సాలు" అంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి అమ్మ కూడా నాతో పాటు ఇసుకలో వేలు పెట్టింది.

ఏడాది తిరిగాక ముగ్గురం బడికి వెళ్ళాం. నోటుపుస్తకాలు చూపించమంది హెడ్‌మిస్ట్రెస్. నాయన తమిళంలో మొదలుపెట్టి కంగారులో తెలుగులోకి జారిపోయాడు. "శానా రాసింది టీచరమ్మా. అదంతా బజారు వీధి ఇంటి గోడల్లో ఉండాది." ఆమె పెన్సిలూ కాగితమూ నా ముందు పెట్టింది. పెన్సిలు వేళ్ళలో నిలవక జారిపోయింది. ఒక్క అక్షరమే కాగితమంతా పాకి, కాగితం చిరిగింది. ఒక ఏడు కింద కూర్చోబెడతానందామె. అమ్మ తలవంచుకుంది. పిల్ల వెనకబడిందని వీధికి తెలిస్తే, ఆడపిల్లకు చదువెందుకని ఎప్పుడూ అనే మా నాన్నమ్మ నన్ను బడికి పోనివ్వదని ఆమెకు తెలుసు.

బయట పిల్లలు దూకే ఇసుక గుంట వైపు నాయన చూపు పోయింది. "ఆ ఇసకలో ఒకసారి రాయనీండమ్మా." ఆమె ఒప్పుకుంది. నాయన వంగి అరచేత్తో సర్దాడు. ఎక్కాలు రాశాను, కిటికీ కింద అమ్మ విని తెచ్చిన పాట రాశాను, చివర తెలుగులో 'అమ్మ' అని రాశాను. హెడ్‌మిస్ట్రెస్ చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, ఎక్కడా తొక్కకుండా చుట్టూ తిరిగి అంతా చదివింది. "మూడో తరగతిలోనే కూచోనీ, పెన్సిలు సంగతి నేను చూసుకుంటా" అంది తమిళంలో. అమ్మ ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు నాయన లేడు. పాలారులో ఆనాటి ఇసుక లేదు. ఇళ్ళ పనికి వస్తున్నదంతా రాయి పొడి, వేలితో గీస్తే గీరుకుంటుంది, తడిపితే వాసనే రాదు. బడి గోడ నీడన కూర్చుని పాఠం వినే తల్లులూ లేరు. ఆ పొద్దున మా ఆయన అక్కకు ఫోన్ చేసి, "కాగితం లేదు వదినా. నువ్వే వచ్చి పిల్ల పక్కన ఒక పూట కూచో" అన్నాను. వస్తానంది.

ఫోన్ పెట్టి చూస్తే, తడిసిన పెచ్చు నుంచి రాలిన ఇసుకను మా అమ్మాయి గచ్చు మీద పరిచి వేలితో తన పేరు రాస్తోంది. నా తట్ట చదువు సంగతి తనకు ఎన్నోసార్లు చెప్పాను.

"నువ్వు రాసిందంతా తాత చెరిపేసేవాడా అమ్మా?"

"లేదు. నెత్తిన పెట్టుకుని మోసుకుపోయేవాడు."