పొట్టేలు బస్సెక్కిన రోజు

అవి యాభైల నాటి రోజులు. నేను కొత్త కోడలిగా వెళ్లిన ఇల్లు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కనే ఉండేది. పత్తి లారీలు పెరిగి గొర్రెలు చక్రాల కింద పడుతుంటే, కాపరి ఈరన్న మా మామతో ఒప్పందం చేసుకున్నాడు. మామ ఎర్రగుడ్డ ఊపి బండ్లు ఆపి, మందను రోడ్డు దాటించాలి. అందుకు కూలిగా ఈరన్న మందను రాత్రిళ్లు మా చేలో పడుకోబెట్టాలి. గొర్రెల ఎరువు పడితేనే మా ఎండు చేనికి ప్రాణం.

ఒకరోజు మామకు జ్వరం వచ్చి, గుడ్డ నా చేతికొచ్చింది.

"పొట్టేలు తాడు ఇడవొద్దు తల్లీ. అది యాడికి పోతే మందంతా ఆడికే పోతాది" అని ఈరన్న చెప్పనే చెప్పాడు.

ఇంతలో మిట్ట దిగుతూ బస్సు దూసుకొచ్చింది. ఒక చేత్తో తాడు పట్టుకుని, రోడ్డు మధ్యన నిలబడి గుడ్డ ఊపుతూ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు మూతి బారెడు దూరంలో ఆగి ఉంది. నేనే ఆపానన్న సంబరంలో రెండు చేతులూ పైకెత్తాను. తాడు జారిపోయింది. నన్ను తిట్టడానికి కండక్టరు తలుపు తీసుకుని దిగాడు. హారనుకు బెదిరిన పొట్టేలు ఆ తలుపులోకే దూకింది. దాని వెనకే మందంతా తోసుకుంటూ ఎక్కేసింది.

జనం సీట్ల మీదికెక్కి నిలబడ్డారు. కండక్టరు నెత్తి పట్టుకుని, "ఎమ్మిగనూరికి యాభై టికెట్లు కొట్టాల్నామ్మా?" అన్నాడు. నేను నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఈరన్న ఒక్కొక్కదాన్నే దించి చూసుకుంటే ఒక్క గొర్రెకూ దెబ్బ తగల్లేదు. ఒప్పందం ప్రకారం ఆ రాత్రి కూడా మందను మా చేలోనే పడుకోబెట్టాడు. ఆ ఏడు మా జొన్న నా తల దాటి పెరిగింది.

ఇప్పటికీ బస్సెక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.