పెనుగంచిప్రోలు బాబాయికి నేను చెప్పిన ఉప్పు

చాలా ఏళ్లుగా నా గుండె మీద ఒక ఉప్పు ప్యాకెట్ ఉంది. చిన్నదే. ఏ కిరాణా కొట్లోనైనా దొరికేదే. దాని బరువు మాత్రం నాకొక్కదానికే తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దృష్టిలో నేను వేరే మనిషిని. ఎవరేమన్నా మర్చిపోను, ఊరుకోను. ఒక పెళ్లిలో నన్ను పంక్తిలోంచి లేపి వేరొకరిని కూర్చోబెట్టిన మా మేనత్తతో ఇప్పటికీ మాటల్లేవు. కాలేజీలో నా సెమినార్ మధ్యలో ఆపించిన లెక్చరర్ మీద ప్రిన్సిపాల్ దాకా వెళ్లాను. తప్పు ఆయనదేనని ఆయన నోటితో అనిపించేదాకా వదల్లేదు. నా ఫిర్యాదుల్లో చాలావరకు న్యాయమైనవే. ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ నా మీద ఎవరైనా చేయాల్సిన ఫిర్యాదు ఒకటుంది. అది చేయగలిగిన మనిషి ఒక్కరే. ఆవిడ చేయలేదు.

ఆవిణ్ణి సుగుణ మేడం అంటాను. పేరు మార్చాను. మనిషిని మార్చడం నా వల్ల కాదు.

పోషకాహారంలో ఎమ్మెస్సీ అయ్యాక రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే ముందు ఆరు నెలలు ఆసుపత్రిలో, అనుభవమున్న డైటీషియన్ కింద పనిచేయాలి. వార్డుల్లో తిరగాలి, వంటగదిలో నిలబడాలి, రోగులతో మాట్లాడాలి. ఆవిడ సంతకం పెడితేనే పరీక్ష. మాది జగ్గయ్యపేట. నందిగామ దాటాక హైవే పక్కనున్న ఒక ఆసుపత్రిలో నాకు చోటు దొరికింది. అక్కడ పెద్ద డైటీషియన్ సుగుణ మేడం. రెడ్డిగూడెం వైపు పల్లెలో ఒక టీచరుగారి అమ్మాయి. పొట్టి మనిషి. ఎప్పుడూ నూలు చీరే.

అలాంటి పనిమంతురాలిని నేను మళ్లీ చూడలేదు. రోగి దగ్గరికెళ్లి ముందు జబ్బు సంగతి అడిగేది కాదు. "పొద్దున్నే మీ పొయ్యి మీద మొదట ఏం పెడతారు?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో ఎవరు వండుతారో, ఎవరు చీకటితోనే పొలానికెళ్తారో, ఎవరు మిగిలింది తిని సరిపెట్టుకుంటారో అన్నీ బయటికొచ్చేవి. నేను కాలేజీ నుంచి తెచ్చిన కొలత కప్పులు చూసి పక్కన పెట్టేసింది. "మీ ఇంట్లో పప్పు గరిటె ఎంతుంటది, చేత్తో చూపించండి" అని రోగినే అడిగేది. కిడ్నీ బాగోలేనివాళ్లకి కూరలు ఎలా వండాలో నోటితో చెప్పి వదిలేసేది కాదు. రోగి భార్యని ఆసుపత్రి వంటగదిలోకి తీసుకెళ్లి, ముక్కలు సన్నగా తరిగించి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయించి, తర్వాత తాలింపు పెట్టించి, తను ఒక ముద్ద తిని అప్పుడు పంపేది. మాకు ఎప్పుడూ ఒకటే చెప్పేది. "ఒకటి తీసేస్తే ఇంకోటి చేతిలో పెట్టాలి. పెట్టలేనప్పుడు తీసెయ్యకు."

ఇవన్నీ అప్పుడే తెలుసు నాకు. గొప్ప మనిషని అప్పుడే తెలుసు. తెలిసీ ఆవిడ మీద పగ పట్టాను. ఎందుకు?

కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం రోగుల భోజనమే తినాలని ఆవిడ పద్ధతి. చప్పిడి పప్పు, చప్పిడి కూర. ఆవిడా మా పక్కనే కూర్చుని అదే తినేది. నేను రెండో రోజే మా కాలేజీకి ఫోన్ చేసి, ఇక్కడ మాకు సరైన తిండి పెట్టడం లేదని చెప్పాను. వాళ్లు ఆవిడకి ఫోన్ చేశారు. మర్నాడు నా పళ్లెంలో అదే చప్పిడి పప్పు వడ్డిస్తూ, "ఫిర్యాదు చేసే ఓపికుందంటే ఈ తిండి నీకు సరిపోతోందన్నమాట" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. నాకు ఆ నవ్వే నచ్చలేదు.

తర్వాత ఒకరోజు వార్డులో ఒక పెద్దాయనకి నేను వరసగా చెప్పుకుపోతున్నాను. ఉప్పు మానేయాలి, పచ్చళ్లు మానేయాలి, అప్పడాలు, వడియాలు ముట్టుకోకూడదు. ఆయన భార్య అంతా విని, "మరి ఏం పెట్టమంటావమ్మా ఈ మనిషికి?" అంది. నేను మళ్లీ మానేయాల్సినవే చెప్పడం మొదలుపెట్టాను. వెనకనుంచి సుగుణ మేడం వచ్చి, "మా అమ్మాయికి పుస్తకం వచ్చింది గాని పొయ్యి ఇంకా రాలేదమ్మా, నేను చెప్తా ఉండండి" అంది. వాళ్లు నవ్వారు. పక్క మంచం వాళ్లూ నవ్వారు. నర్సు కూడా నవ్వింది.

అంతే జరిగింది. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్నదో తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ మాటని ఇంటికి తీసుకెళ్లాను, అన్నంలో కలుపుకున్నాను, దిండు కింద పెట్టుకున్నాను.

ఇంకోటి కూడా రాయాలి. రాయకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది. మాది పొలాలున్న కుటుంబం. మా పెదనాన్న మేడం ఎవరి తాలూకో ఆరా తీసి, "ఆవిడ కిందా నువ్వు పనిచేసేది?" అన్నాడు. నేను ఆయన్ని కసిరాను. చదువుకున్నదాన్ని కదా, కసరాలి. కానీ ఆ మాట నాలో ఎక్కడో చోటు చూసుకుంది. సుగుణ మేడం నవ్వితే, వేరెవరో నవ్వినదానికంటే నాకు ఎక్కువ మండింది. ఎందుకు ఎక్కువో నేను ఎప్పుడూ నన్ను అడగలేదు. తెలుసు కాబట్టే అడగలేదు.

నా శిక్షణ సగం దాటాక పెనుగంచిప్రోలు నుంచి ఒక మిర్చి రైతు చేరాడు. వెంకటేశ్వర్లు గారు. బీపీ ఎక్కువ, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, డయాలసిస్ దాకా ఇంకా రాలేదు. అక్కడికి రాకుండా ఎంతకాలం ఆపగలిగితే అంతకాలం ఆపాలని డాక్టర్ల ప్రయత్నం. అందులో సగం పని తిండిది. మేడం ఆయన కోసం చాలా కష్టపడింది. నిమ్మరసం, వెల్లుల్లి, ధనియాల పొడి, కొంచెం మిరియం, ఇలా ఏదో ఒకటి మార్చి మార్చి వండించింది. ఆయన తినేవాడు, కానీ ప్రతి ముద్దకీ మొహం ముడుచుకునేవాడు.

ఇంటికి పంపే రోజు మేడంని వంటగదిలోకి పిలిచారు. వెళ్తూ నాతో, "ఆయనకి ఏమీ చెప్పకు, నేనొచ్చి మాట్లాడతా" అంది. ఆ మాట కూడా నాకు గుచ్చుకుంది. ఆయన భార్య మందుల కోసం కిందికెళ్లింది. మంచం దగ్గర మేమిద్దరమే.

"అమ్మాయ్, అన్నం ముందు కూర్చుంటే ఏడుపొస్తంది," అన్నాడాయన. "మీ మేడంగారు మంచిదే. కానీ ఉప్పు లేని కూడు ఎన్నాళ్లు తింటాం? నువ్వన్నా ఒక దారి చెప్పవా?"

నువ్వన్నా. ఆ మాట కోసమే నేను అన్నాళ్లూ ఎదురుచూస్తున్నట్టున్నాను.

"సోడియం తక్కువుండే ఉప్పు ప్యాకెట్లు దొరుకుతాయి బాబాయ్. బీపీ ఉన్నవాళ్ల కోసమే చేస్తారు. అది వాడుకోండి, రుచి బానే ఉంటది."

ఆయన మొహం విప్పారింది. "సల్లగుండు తల్లీ. ఈ ముక్క మీ మేడం చెప్పలేదే."

నేను నవ్వాను. మేడంకి తెలియనిది నాకు తెలిసినట్టు నవ్వాను. తర్వాత మేడం వచ్చి కూరల పద్ధతి ఇంకోసారి చెప్పి పంపింది, ఆయన ఆ ఉప్పు మాట ఎత్తలేదు.

సాయంత్రం బస్సులో ఇంటికెళ్తున్నాను. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగింది. ఎవరో పెద్ద గోనె సంచి ఎక్కించడానికి కండక్టర్‌తో గొడవపడుతున్నారు. అప్పుడు తట్టింది నాకు. ఆ ఉప్పులో సోడియం తగ్గించి, దాని చోట పొటాషియం కలుపుతారు. మంచి కిడ్నీలు ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగుతుంది. కూరలు ఉడికించిన నీళ్లు మేడం పారబోయించడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కూరల్లో పొటాషియం పోవడానికే.

ఫోన్ చేతిలోనే ఉంది. మేడం నంబరుంది. ఆయన భార్య నంబర్ ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఇస్తారు. ఒక్క మాట చాలు.

చెయ్యలేదు.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పని భాగం. తెలియక చెప్పిన తప్పుని ఏదో ఒకనాటికి నేను క్షమించుకునేదాన్ని. తెలిశాక కూర్చున్నాను చూడండి, దాన్నే దాటలేకపోతున్నాను. ఏమనుకున్నాను? ఆయన కొనడులే అనుకున్నాను. కొన్నా చిటికెడే వేసుకుంటాడు అనుకున్నాను. రేపు చూద్దాం అనుకున్నాను. రేపు కూడా చూడలేదు. అసలు కారణం అవేవీ కావు. పుస్తకం వచ్చింది గాని పొయ్యి రాలేదన్న మాట మళ్లీ వినాల్సొస్తుంది. ఈసారి పుస్తకం కూడా రాలేదని తేలుతుంది. అది భరించలేక ఒక మనిషి ప్రాణాన్ని అలా వదిలేశాను.

కొన్ని రోజులకి ఆయన్ని తీసుకొచ్చారు. కాళ్లూ చేతులూ కదపలేకపోతున్నాడు, నాడి నీరసంగా కొట్టుకుంటోంది. ఐసీయూలో పెట్టి అప్పటికప్పుడు డయాలసిస్ చేశారు. బతికాడు. ఆయన బావమరిది మాత్రం వరండాలో నిలబడి, మీ డైట్ వాళ్లే ఆ ఉప్పు వాడమన్నారంట, మా బావ ఇంటికొచ్చిన రోజే చెప్పాడు అని అరిచాడు. ఎవరన్నారో ఆయనకి తెలియదు. భార్యకీ తెలియదు. తెలిసిన మనిషి ఐసీయూలో ఉన్నాడు.

సుగుణ మేడం నన్ను వంటగది పక్కనున్న గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ ఉప్పు సంగతి నువ్వు చెప్పావా?"

"లేదు మేడం."

"మనిద్దరం తప్ప ఆయనతో తిండి గురించి ఎవరూ మాట్లాడలేదే."

"మీరే చెప్పుంటారు మేడం. గుర్తుండదు కదా, రోజుకి ఎంతమందికి చెప్తారు మీరు."

ఆవిడ నా వైపు చూసింది. చాలాసేపేం కాదు. ఒక తల్లి జ్వరమొచ్చిన పిల్ల మొహం చూసినట్టు చూసింది.

"అన్నం తిన్నావా?"

"తిన్నా."

"తినలేదు నువ్వు. వెళ్లి తిను. తర్వాత మాట్లాడదాం."

తర్వాత మాట్లాడలేదు. నేనే తప్పించుకు తిరిగాను. సాయంత్రం ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు మా ఇద్దరినీ పిలిచారు. శిక్షణలో ఉన్నవాళ్లు సొంతంగా సలహాలిస్తున్నారా అని ముందు నన్నే అడిగారు. "లేదు సార్. మేడం ఏది చెప్పమంటే అదే చెప్తాను" అన్నాను. తడబడకుండా, గట్టిగా అన్నాను. ఫిర్యాదులు చేసి చేసి నాకు ఆ గొంతు బాగా అలవాటు. మేడం నన్ను ఖండిస్తుందని కాచుక్కూర్చున్నాను. ఖండిస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"నా విభాగం నుంచి వెళ్లిన మాట నాదే సార్," అందావిడ.

వెంకటేశ్వర్లు గారు కాస్త తేరుకోగానే ఇంట్లోవాళ్లు ఆయన్ని విజయవాడ తీసుకెళ్లిపోయారు. ఆయన్ని అడిగినవాళ్లు లేరు. ఆ తర్వాత ఆయన డయాలసిస్ మీదే ఉన్నారని తెలిసింది. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావాల్సిన మనిషేనా, లేక నేను ముందే తోశానా? డాక్టరుని అడగొచ్చు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆసుపత్రిలో మేడంని ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఇకమీదట ఆవిడ కింద శిక్షణకి ఎవరినీ పెట్టవద్దన్నారు. బయటివాళ్లకి అదేమంత పెద్ద శిక్షలా కనిపించదు. ఆవిడకి అదే ప్రాణం. పెళ్లి చేసుకోలేదు, మమ్మల్ని "నా పిల్లలు" అనేది. ఏడాదికల్లా తనే మానేసింది.

నా సంతకం మాత్రం పెట్టింది. నా గురించి రాయాల్సిన చోట, రోగులతో మాట్లాడే తీరు మెరుగుపడింది అని రాసింది. పరీక్ష పాసయ్యాను. జగ్గయ్యపేటలో గది తీసుకుని కూర్చున్నాను. క్వారీల్లో పనిచేసేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగులు, పల్లెల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు నా దగ్గరికొస్తారు. పొద్దున్నే పొయ్యి మీద మొదట ఏం పెడతారని అడుగుతాను. గరిటె ఎంతుంటుందో చూపించమంటాను. ఈవిడ తినొద్దు అనదు, ఏం తినాలో చెప్తుంది అని నా గురించి చెప్పుకుంటారు. ఆ మెప్పులో నాదంటూ ఒక్క మెతుకు లేదు. అయినా ఇన్నాళ్లూ నా తర్వాత చదివిన అమ్మాయిలకి నేను చెప్పింది, సుగుణ మేడం నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసిన సంగతే. మిగతాది ఎప్పుడూ చెప్పలేదు. నాకు జరిగిన అన్యాయాన్ని జాగ్రత్తగా బతికించుకుంటే, నేను చేసింది దాని వెనక దాక్కుంటుందనుకున్నాను.

మొన్నామధ్య నందిగామలో ఒక బట్టల కొట్లో ఆవిడ కనిపించింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. దాటిపోదామనుకున్నాను, ఆవిడే పిలిచింది. పక్కనున్న చెల్లెలికి నన్ను చూపించి, "ఈ అమ్మాయి నా దగ్గరే నేర్చుకుంది. నా ఆఖరి పిల్ల. జగ్గయ్యపేటలో ఎంత పేరో తెలుసా?" అంది.

ఆ గొంతులో వెక్కిరింపు కోసం వెతికాను. నిజం చెప్తున్నాను, వెతికాను. దొరికితే ఇంటికి తీసుకెళ్లి ఇంకో పదేళ్లు బతికేదాన్ని. లేదు. ఆవిడకి నిజంగానే గర్వంగా ఉంది.

ఆ ఉప్పు చెప్పింది నేనేనని ఆవిడకి తెలుసు. ఆ గదిలో నా మొహం చూసినప్పుడే తెలుసు. కాబట్టి ఇది ఆవిడకి కొత్త సంగతేమీ కాదు. క్షమించమని అడగడానికి కూడా రాయడం లేదు. అడిగితే ఇచ్చేస్తుంది. అన్నం తిన్నావా అని అడిగి మరీ ఇచ్చేస్తుంది. అది తీసుకునే అర్హత నాకు లేదు. వెంకటేశ్వర్లు గారి తరఫున ఇవ్వడానికి ఆవిడకీ హక్కు లేదు.

మరి ఎందుకు రాస్తున్నాను? ఇన్నేళ్లలో ఈ మాటలు ఒక్కసారి కూడా నా నోట్లోంచి గానీ చేతిలోంచి గానీ బయటికి రాలేదు కాబట్టి. వెంకటేశ్వర్లు గారికి ఆ ఉప్పు వాడమని చెప్పింది నేను. అది ప్రమాదమని చిల్లకల్లు దగ్గర బస్సులో తెలుసుకుని కూడా ఫోన్ చెయ్యనిది నేను. మేడం మీదికి నెట్టింది నేను. నా మాటని తన మాటగా ఇంతకాలం ఆవిడ మోసింది.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది. ఆ మాట ఇప్పుడు నాది.