హారన్‌లో దట్టించిన మన్ను

బంగారు గనులు మూతపడిన నాలుగైదేళ్లకు, ఒక జూన్ నెలలో, ఆ గనుల ఊరికి దగ్గర్లో ఉన్న వేమగల్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. ఫోర్‌మన్‌కు ఒక మెట్టు పైన, మేనేజరుకు రెండు మెట్లు కింద. ప్రెస్ మిషన్ ముందుండే జాలీ తలుపు మూయకుండా పనిచేస్తే వేళ్లు దక్కవు. ఎంత అరిచినా ఎవరూ మూసేవారు కాదు.

ఆరు మిషన్లకూ హారన్లు పెట్టించాను. తలుపు తెరిచి మిషన్ ఆడిస్తే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, మూయగానే ఆగుతుంది. ఇది శిక్షే కదా అన్నారు మేనేజరు. కాదని వాదించాను. శిక్ష తప్పుడు పనిని తగ్గిస్తుంది. ఇక్కడ మంచి పని చేయగానే బాధ తొలగుతుంది, అందుకే ఆ పని పెరుగుతుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని రుణాత్మక పునర్బలనం అంటారు; రుణాత్మకం అంటే ఇక్కడ తీసివేత, అంతే. వారం తిరక్కుండానే తలుపులు టపటపా మూసుకుంటుంటే నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు!

ఎనిమిదో రోజు ఫోర్‌మన్ పరుగున వచ్చాడు. ఆరో మిషన్ తలుపు బార్లా తెరిచే ఆడుతోంది, హారన్ మాత్రం మోగడం లేదట. దాని మీద పనిచేసేది ఆరోగ్యం అనే ఆయన, గనుల పక్కనున్న కోరమండల్ మనిషి, ఒకప్పుడు గనిలో రాయి పేల్చే తూటాలు పెట్టినవాడు. విప్పి చూస్తే హారన్ గొంతు నిండా మన్ను! రాతి బెజ్జంలో తూటా పెట్టి పైన దట్టించినట్టే, సందు లేకుండా, నున్నగా. ఆ పనితనానికి కోపంలోనూ నవ్వొచ్చింది. కానీ మెమో మీద నా సంతకం పడితే చాలు, ప్రొబేషన్‌లో ఉన్న ఆయన ఇంటికే.

ఎందుకు చేసినావప్పా అని అడిగాను.

"తలుపు మూసినా అది అరస్తానే ఉండాది సార్. ఇంగ మూసేదెందుకు? మొదటి దినమే మన్ను పెట్టినా, ఆన్నించి గమ్మునుండాది," అన్నాడు.

నమ్మలేదు. మన్ను తీయించి, మిషన్ ఆడించి, నేనే తలుపు మూశాను. మోత ఆగలేదు! తలుపు నొక్కాల్సిన స్విచ్ మీట బిగించినప్పుడే వంగి, తలుపుకు అందడం లేదు. బిగించిన రోజు ఒకటో మిషన్‌ను మాత్రమే పరీక్షించి సరిపెట్టింది నేనే. అన్నానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలుననే లెక్క మిషన్లకూ వేశాను. సిగ్గేసింది, అయినా ఎగిరి గంతేయాలనిపించింది. ఏ పని మోతను ఆపితే ఆ పనే అలవాటవుతుంది. ఐదు మిషన్ల మీద తలుపు ఆపింది, ఆరో దాని మీద మన్ను ఆపింది. సూత్రం రెండుచోట్లా నిజమే!

మీట సరిచేశాం. ఆరోగ్యం తలుపు మూశాడు, మోత ఆగింది. "ఆ! ఇప్పుడు మాట వింటాది," అంటూ నాలుగుసార్లు తెరిచి మూసి చూసుకున్నాడు.

మెమో చించి, నివేదికలో తప్పు నా పేరున రాశాను. అటు తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి మిషన్ తలుపూ నా చేత్తో మూసి, మోత ఆగిందని విన్నాకే సంతకం పెట్టాను.